ఓడలో దిగిన ఇసుక స్లాబుకి వాడొచ్చా?

మాధవరం వాసి:
చెన్నై మాధవరంలో ఇల్లు కడుతున్నాం, వచ్చే నెల స్లాబు. ఎం-శాండ్ (రాయి పిండి చేసి తయారుచేసే ఇసుక) అనుకుంటే ఇసుక సప్లై చేసే అతను ‘ఓడలో దిగిన సరుకు ఉంది సార్, కడిగిందే, యూనిట్‌కి బాగా తగ్గించి ఇస్తా’ అంటున్నాడు. శాంపిల్ సన్నగా, బూడిద రంగులో ఉంది, మధ్యమధ్య గవ్వ ముక్కలు. సింగపూర్‌లో సముద్రాన్నే ఇసుకతో పూడ్చి ఊళ్లు కట్టలేదా అని మా బావమరిది వాదన. మాది కొవ్వూరు, అక్కడ గోదావరిలో పడవల మీద తెచ్చిన ఇసుకతోనే ఇళ్లు కట్టారు, ఏమీ కాలేదు. ఏం చేయమంటారు?

హాపర్:
సింగపూర్ లెక్క వేరండీ. సముద్రంలో ఇసుక తోడే ఓడ, అదే డ్రెడ్జర్, దాని మీద కొన్నాళ్లు పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ఓడ నడుస్తూనే పెద్ద పైపు సముద్రం అడుక్కి దింపి ఇసుకా నీళ్లూ కలిపి పీల్చేస్తుంది, హాపర్‌లో, అంటే ఓడలోని పెద్ద తొట్టిలో, ఇసుక కిందకి దిగుతుంది, బురద నీళ్లు పైనుంచి పొర్లిపోతాయి. పూడ్చే చోట అడుగు తలుపులు తెరిచి వదిలేస్తారు, లోతు చాలకపోతే ఓడ ముక్కు దగ్గర నుంచి గాల్లోకి చిమ్ముతారు. దుబాయ్‌లో కట్టిన దీవి పామ్ జుమేరా అలా పోసిందే. పక్కనే ఎడారి ఉన్నా ఆ ఇసుక గాలికి నున్నగా అరిగిపోయి నిలవదని సముద్రం అడుగు నుంచే తోడారు. అక్కడ ఉప్పుతో పేచీ లేదు, ఇసుక గట్టిగా సర్దుకుంటే చాలు. మీ స్లాబులో ఇనుము ఉంటుంది.

సైట్ ఇంజినీర్, తాంబరం:
అదే అసలు విషయం. ఉప్పులోని క్లోరైడ్ కమ్మీని తినేస్తుంది, తుప్పు పట్టిన కమ్మీ ఉబ్బి పైనున్న కాంక్రీటుని పగలగొడుతుంది. ముందు సన్న బీటలు, తర్వాత పెచ్చులు. కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కమ్మీ ఉన్న కాంక్రీటులో సిమెంటు, నీళ్లు, ఇసుక అన్నిట్లోదీ కలిపి ఘనపు మీటరుకి 0.6 కిలోల క్లోరైడ్ దాటకూడదు. ఓడలో వచ్చిందల్లా సముద్రపు ఇసుక కాదు లెండి, 2017లో తూత్తుకుడి రేవులో దిగిన మలేషియా సరుకు నది ఇసుకే. అందుకే ఎక్కడ తోడిందో కాగితం అడగండి, ల్యాబ్‌లో క్లోరైడ్ టెస్ట్ చేయించండి. కొవ్వూరులో మనవాళ్లు నీళ్లలో మునిగి బకెట్లతో తోడేది మంచినీటి ఇసుక, పడవలో వచ్చినంత మాత్రాన రెండూ ఒకటి కావు. గవ్వ ముక్కలు కనపడ్డాయంటే నేనైతే అక్కడే వద్దంటాను.

కాసిమేడు:
ధర సరే, ఎవరి ఒడ్డు తవ్వి తెచ్చారో కూడా చూడండి. చిన్న దీవులు కోసుకుపోతున్నాయని ఇండోనేషియా 2003లో సముద్రపు ఇసుక ఎగుమతి ఆపేసింది. ఇసుక అందకపోతే ఒడ్డు ఏమవుతుందో మన దగ్గరే చూశాం: హార్బరు గోడలు కట్టాక, ఒడ్డు వెంట ఉత్తరానికి కదిలే ఇసుక దక్షిణాన ఆగిపోయి మెరీనా వెడల్పయింది, అది అందని రాయపురం వైపు ఒడ్డు కోసుకుపోయింది. రాళ్లు పోసి ఆపుకోవాల్సి వచ్చింది. దయచేసి కాగితం లేని ఇసుక కొనకండి.

మాధవరం వాసి:
అందరికీ థ్యాంక్స్. స్లాబుకి ఎం-శాండే. ప్లాస్టరింగ్‌కి కూడా అదే సరిపోతుందా?

సైట్ ఇంజినీర్, తాంబరం:
దానికి పి-శాండ్ అని సన్నది విడిగా అమ్ముతారు, అది తీసుకోండి.