దసరాకి చీరల ప్రచారం: 30,000 పాంప్లెట్లా, 1,200 మంచి పుస్తకాలా?

మగ్గం ఇంటి కోడలు:
అందరికీ నమస్కారం. మంగళగిరిలో మాకు చిన్న చేనేత చీరల షాపు ఉంది. మామయ్యగారు నడుపుతారు, ఈ ఏడాది ప్రచారం పని నాకు అప్పగించారు. బెజవాడలో రెండు ప్రెస్సుల్లో అడిగాను. ఒకరు 90 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) నున్నటి ఆర్ట్ పేపర్ మీద ఏ5 సైజులో రెండువైపులా ఫోర్ కలర్ పాంప్లెట్లు 30,000 వేసిస్తామన్నారు. ఇంకొకరు 8 పేజీల చిన్న పుస్తకం చెప్పారు: లోపల కోటింగ్ లేని 120 జీఎస్ఎం నేచురల్ షేడ్ కాగితం, పైన 250 జీఎస్ఎం కవర్, దాని మీద చీర బోర్డర్ వరకు బంగారు ఫాయిల్, 1,200 కాపీలు. రెండూ 40,000 రూపాయల దగ్గరే తేలుతున్నాయి. మామయ్యగారు పాంప్లెట్లే అంటున్నారు, న్యూస్ పేపర్లో పెట్టి ఊరంతా పంచొచ్చని. నాకు రెండోదే నచ్చింది, కానీ నచ్చిందని అంత డబ్బు పెట్టలేం కదా. తెలిసినవాళ్ళు చెప్పండి.

మాజీ పేపర్ బాయ్:
కాలేజీ రోజుల్లో నేను పంచాను కాబట్టి చెప్తున్నా. పొద్దున్నే పేపర్ దులపగానే ముందు కింద పడేవి లోపల పెట్టిన పాంప్లెట్లే. చాలా ఇళ్ళల్లో వాటిని వంగి తీసేది ఊడ్చేటప్పుడే.

బందరు రోడ్ బాబాయ్:
అమ్మా, మీ మామయ్యగారి మాట వినండి. 30,000 ఇళ్ళల్లో వందకి ఒక్కరు చూశారనుకున్నా 300 మంది. 1,200 పుస్తకాలు పంచితే ఎంతమంది వస్తారు? నాకు రెడీమేడ్ బట్టల షాపు ఉంది, పండక్కి పాంప్లెట్ వేస్తాను, జనం అది పట్టుకుని వస్తారు. కాగితం తడిమి చూసి షాపుకి వచ్చినవాడిని ఒక్కడిని కూడా నేను చూడలేదు. మంచి కాగితం, ఫాయిల్, ఎంబాసింగ్ ఇవన్నీ ప్రెస్సువాళ్ళకి ముద్దు. డబ్బు పెట్టేది మాత్రం మనం.

ఆఫ్‌సెట్ రామం:
బాబాయ్ గారూ, మీ డిస్కౌంట్ పాంప్లెట్‌కి 90 ఆర్ట్ పేపర్ చాలు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను, దానికి 170 పెట్టమనేవాడు మిమ్మల్ని మోసం చేస్తున్నట్టే. ఆ కాగితం ఎన్నాళ్ళు ఇంట్లో ఉండాలి అన్నదే నేను ముందు అడిగే ప్రశ్న. ఈ అమ్మాయి అమ్మేది చేనేత. పవర్‌లూమ్ చీర కంటే దీనికి ఎక్కువ ఎందుకు ఇవ్వాలో చదవాలి, అక్కకో అత్తగారికో చూపించాలి, పండగ ముందు గుర్తుపెట్టుకుని రావాలి. అందుకు పారేయడానికి చెయ్యి రాని కాగితం కావాలి. శుభలేఖ చూడండి, పెళ్ళి అయిపోయాక కూడా బాగున్నది ఏదో ఒక పుస్తకంలో దాచుకుంటాం.

ఇంక అమ్మా, కోటింగ్ లేని కాగితం ఎంచుకుంటే ఒక సంగతి తెలుసుకుని ఎంచుకోండి. అది ఇంకుని పీల్చుకుంటుంది, అచ్చు చుక్క కాస్త పరుచుకుంటుంది, దాంతో ఫొటో మసకగా, ముదురుగా వస్తుంది. ఆర్ట్ పేపర్‌కి చేసిన ఫైలునే తీసుకెళ్ళి దీని మీద వేస్తే మీ చీరలన్నీ దుమ్ము పట్టినట్టు కనిపిస్తాయి. ఫొటోలు ముందే తేలిక చేయించాలి. జరీ సంగతి వేరు. నాలుగు రంగులు ఎన్ని కలిపినా ఆవపిండి రంగు వస్తుంది తప్ప మెరుపు రాదు. ఐదో రంగుగా గోల్డ్ ఇంకు వేసినా ఈ కాగితం దాని మెరుపంతా లోపలికి లాగేసుకుంటుంది. ఫాయిల్ అయితే వేడితో పైనే అతుక్కుంటుంది. ఆ ప్రెస్సాయన బోర్డర్ వరకే ఫాయిల్ చెప్పాడంటే పని తెలిసినవాడు.

ఒత్తులు దీర్ఘాలు:
కాగితం గురించి ఇంత మాట్లాడుతున్నారు, దాని మీద అక్షరాల గురించి ఎవరూ ఎత్తడం లేదు. నేను హైదరాబాద్‌లో డిజైన్ పని చేస్తాను. తెలుగులో అచ్చు చెడేది ఎక్కువగా ఒత్తుల దగ్గరే. ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద సన్నటి తెల్ల అక్షరాలు పెడతారు, కోటింగ్ లేని కాగితం మీద ఇంకు పరుచుకుని ఒత్తులు, సుడులు పూడుకుపోతాయి. ఇంకోటి, చిన్న అక్షరాలు ఉత్త నలుపులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిసిన నలుపులో ఉంటే, మిషన్ మీద ఒక్కో రంగుకి వేరుగా ఉండే ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా ప్రతి అక్షరం పక్కన ఎర్ర నీడ, నీలం నీడ వస్తుంది. ఫైలు ఇచ్చేముందు ఫాంట్లన్నీ కర్వ్స్‌లోకి (అక్షరాల్ని బొమ్మ గీతలుగా) మార్పించండి, లేకపోతే ప్రెస్సు కంప్యూటర్‌లో 'అను' అనే ఆ తెలుగు ఫాంటు లేదని ఇంకేదో ఫాంటు పడి అక్షరాలన్నీ చెదిరిపోతాయి.

ఫోన్లో చూసి రంగు ఓకే చెయ్యకండి. తెర వెలుగుతో చూపిస్తుంది, కాగితం మీద ఇంకుకి ఆ వెలుగు లేదు. చిలకపచ్చ, నెమలికంఠం నాలుగు రంగుల అచ్చులో పూర్తిగా రావు. అవే మీ షాపులో ఎక్కువ పోయే రంగులైతే ఆ చీరల్ని ముఖ్యమైన పేజీలో పెట్టకండి.

తెనాలి నుంచి:
కాగితం రాజమండ్రి మిల్లుది అడగండి. మన దగ్గర తయారయ్యేది ఉండగా బయటిది ఎందుకు.

బందరు రోడ్ బాబాయ్:
రామం గారూ, శుభలేఖ దాచుకుంటారు, అందులో మన మనుషుల పేర్లున్నాయి కాబట్టి. కాగితం కోసం కాదు. నా అనుభవం చెప్తాను. కొత్త బ్రాంచి తెరిచినప్పుడు నేనూ ఇలాగే ఆశపడి 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు మీద మెరూన్ రంగు ఫోల్డర్ 2,000 వేయించాను. చేతికొచ్చాక చూస్తే మడత పెట్టిన ప్రతిచోటా రంగు పగిలి తెల్ల గీత. 2,000 కీ అదే గీత. ప్రెస్సువాడిని అడిగితే మందం కాగితం అంతే సార్ అన్నాడు. రిబ్బన్ కటింగ్ రోజు పెద్ద మనుషుల చేతుల్లో అవి పెట్టడానికి నాకు సిగ్గేసింది. పాంప్లెట్ అయితే ఆ బాధే లేదు.

ఆఫ్‌సెట్ రామం:
మందం కాగితం అంతే అనేది అబద్ధం. దాదాపు 170 జీఎస్ఎం దాటిన కాగితాన్ని మడిచేముందు క్రీజింగ్ వెయ్యాలి, అంటే మడత వచ్చేచోట ముందే గాడి నొక్కాలి. అది వెయ్యకపోయినా, గ్రెయిన్‌కి (కాగితం పీచు నడిచే దిశకి) అడ్డంగా మడిచినా పగులుతుంది, అందులోనూ మెరూన్ లాంటి నిండు రంగు ఉంటే పగులు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీ జాబుకి, అంటే ఆ అచ్చు పనికి, క్రీజింగ్ వేశారా?

బందరు రోడ్ బాబాయ్:
నాకేం తెలుసు? మడత ఉంది, పగిలింది.

ఆఫ్‌సెట్ రామం:
మడత మీద వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. గాడి ఉంటే లోపలి వైపు సన్నటి గట్టు తగులుతుంది. అది ఉందా లేదా?

బందరు రోడ్ బాబాయ్:
రామం గారూ, అమ్మాయి అడిగింది 30,000 వెయ్యాలా 1,200 వెయ్యాలా అని. మీరు గాడి దగ్గరే ఆగిపోయారు.

ఆఫ్‌సెట్ రామం:
ఆగాల్సింది అక్కడే. మీరు క్రీజింగ్ లేని ఒక జాబు చూపించి మంచి కాగితమే దండగ అంటున్నారు. అది కాగితం తప్పు కాదు. రేటు దగ్గర కాపీకి అర్ధ రూపాయి తగ్గించమని గంటసేపు బేరం ఆడతారు, ప్రెస్సువాడు ఎక్కడో ఒకచోట తగ్గించుకుంటాడు, ముందు పోయేది క్రీజింగే, ఆరబెట్టే టైమే. తడి ఆరకముందే కట్టలు కట్టేస్తే కింద షీటు రంగు పై షీటు వెనక అంటుకుంటుంది. పని విలువ తెలియనివాళ్ళకి మంచి పని దొరకదు. ఇరవై ఏళ్ళుగా మిషన్ పక్కన నిలబడినవాడిగా చెప్తున్నాను.

మిరపతోట:
పెద్దలు కొంచెం శాంతించండి. ఆవిడ భయపడి పారిపోతుంది.

బందరు రోడ్ బాబాయ్:
పని విలువ నాకు తెలియదా? మా నాన్న టైలరింగ్ మిషన్ మీద మమ్మల్ని పెంచాడు. బట్ట చేత్తో పట్టుకుంటే కాటన్‌లో పాలిస్టర్ కలిసిందో లేదో నేను చెప్తాను, ఏ వ్యాపారీ నన్ను మోసం చెయ్యలేడు. కాగితం దగ్గరికి వచ్చేసరికి నాకు ఏమీ తెలియదు, అదే నా బాధ. ఆ ఫోల్డర్‌కి నేను బేరం ఆడలేదు, అడిగినంతా ఇచ్చాను. బిల్లులో 300 జీఎస్ఎం అని రాశాడు. వచ్చింది 300 ఓ 250 ఓ నాకు తెలిసే దారి ఏది? కొటేషన్‌లో "ఫోర్ కలర్, మంచి పేపర్" అని ఒక్క లైను. క్రీజింగ్ అనే పని ఒకటి ఉంటుందని ఈ రోజు మీరు చెప్తే తెలిసింది. నేను వద్దంటే కదా తగ్గించినట్టు? చూసి పట్టుకోలేని దానికి డబ్బు కట్టమంటే నేను కట్టను. పాంప్లెట్ దగ్గర మోసపోయినా రూపాయి దగ్గరే మోసపోతాను. ఈ అమ్మాయి కూడా 40,000 అలాగే పెట్టబోతోంది, అందుకే వద్దంటున్నాను.

ఒత్తులు దీర్ఘాలు:
బాబాయ్ గారూ, ఈ మాట ముందే చెప్పాల్సింది. నేను మీ పక్షమే. నేను మ్యాట్ ఆర్ట్ పేపర్ 170 అని రాసిస్తే ప్రెస్సులో నాకు చెప్పకుండా 130 గ్లాసీ, అంటే మెరిసే కాగితం మీద వేసి పంపారు, క్లయింటు తిట్టింది నన్ను. అప్పటి నుంచి నేనే తూచుకుంటున్నాను. జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు ఉందన్నదే. 10 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు ముక్క కొయ్యండి, అది చదరపు మీటరులో నూరో వంతు. బంగారం కొట్టులో తూకం వేయించండి. 120 జీఎస్ఎం అయితే 1.2 గ్రాములు, 300 అయితే 3 గ్రాములు. అలాంటివి పది ముక్కలు కలిపి తూస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది. అచ్చు వెయ్యని కాగితమే తూచాలి, ఇంకు, లామినేషన్ బరువు కలవకూడదు.

ఆఫ్‌సెట్ రామం:
తూకం లెక్క సరైనదే. గాలిలో తేమని బట్టి జీఎస్ఎం కొంచెం అటూ ఇటూ ఉంటుంది, దానికి గొడవ పెట్టుకోవద్దు, కానీ 300 చోట 250 వస్తే దాగదు. బాబాయ్ గారూ, మీరు బేరం ఆడలేదని ఇప్పుడు చెప్పారు కాబట్టి ఆ మాట మీకు వర్తించదు. మిగతాది నేను వెనక్కి తీసుకోను.

ఒక సంగతి ఎప్పటి నుంచో నా మనసులో ఉంది. ఎన్నికల కరపత్రం మీద అచ్చువేసినవాడి పేరు, చిరునామా ఉండి తీరాలి, 1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ఆ మాట చెప్తుంది. షాపు బ్రోచర్‌కి అలాంటిది లేదు. ఉండాలి అంటాను నేను. కింద మన ప్రెస్సు పేరు పడుతుందంటే మడత పగిలిన జాబు ఎవడు బయటికి పంపుతాడు? నా జాబుల మీద నా పేరు వేస్తాను, కొందరు క్లయింట్లు తీసెయ్యమంటారు, వాళ్ళతోనే నాకు గొడవ.

బందరు రోడ్ బాబాయ్:
పేరు వెయ్యమనడం బాగుంది. నా ఫోల్డర్ మీద వాడి పేరు లేదు. కానీ మీలాంటివాళ్ళు ఎంతమంది? అమ్మాయికి దొరికేది మీరు కాదు కదా.

పచ్చని చెట్టు:
ఏది వేసినా ప్లాస్టిక్ లామినేషన్ మాత్రం వద్దు. ఆ పొర ఉంటే కాగితాన్ని మళ్ళీ గుజ్జు చెయ్యడం కష్టం.

మగ్గం ఇంటి కోడలు:
అందరూ ఇంత రాశారు, చాలా సంతోషం. బాబాయ్ గారి భయం మా మామయ్యగారిది కూడా అనిపిస్తోంది, ఆయన బయటికి పాంప్లెట్ అంటున్నారు, లోపల మాత్రం ప్రెస్సుని నమ్మలేకపోతున్నారు. మగ్గం మీద ఒక్క పోగు తప్పినా పట్టుకునే మనిషి ఆయన. రామం గారూ, ఒక సందేహం. చీర అంచులు కోసిన చిన్న బట్ట ముక్కలు మా ఇంట్లో ఉంటాయి. కవర్ లోపల వైపు ఒక్కో ముక్క చేత్తో అతికిస్తే? రంగు అచ్చులో రాకపోయినా అసలు బట్టే అక్కడ ఉంటుంది కదా.

ఆఫ్‌సెట్ రామం:
చాలా మంచి ఆలోచన. నీళ్ళ గమ్ వాడొద్దు, కోటింగ్ లేని కాగితం తడికి ఉబ్బి వంకర్లు తిరుగుతుంది. సన్నటి డబుల్ టేపు వాడండి. ముక్క మందం వల్ల పుస్తకం సరిగా మూసుకోదు కాబట్టి మడత దగ్గర కాకుండా పేజీ మధ్యలో పెట్టండి. మొదట డమ్మీ, అంటే నమూనా పుస్తకం, చేయించండి, అచ్చు వెయ్యబోయే అదే కాగితంతో, జిరాక్స్ కాగితంతో కాదు. ఆ డమ్మీ మామయ్యగారి చేతిలో పెట్టండి. కాపీలన్నీ పేపర్లో పెట్టకండి, మీ బిల్లు పుస్తకంలో ఉన్న పాత కస్టమర్లకి ముందు పంపండి.

ఒత్తులు దీర్ఘాలు:
పాంప్లెట్ వైపే వెళ్ళినా ఒకటి అడగండి. అంత చవకగా ఇచ్చేచోట చాలావరకు ఒకే షీటు మీద నలుగురైదుగురి జాబులు కలిపి వేస్తారు. పక్క జాబుకి ఎరుపు పెంచితే దానికి వరసలో ఉన్న మీ చీర కూడా ఎర్రబడుతుంది, మీ ఒక్కరి కోసం సరిచెయ్యరు.

బందరు రోడ్ బాబాయ్:
అమ్మా, నేను ఇప్పటికీ 30,000 పక్షమే. కానీ బట్ట ముక్క అతికిస్తానన్నావు చూడు, అది నాకు అర్థమయ్యే భాష. ముట్టుకుని తేల్చుకోవచ్చు. పుస్తకమే వేస్తానంటే కొటేషన్ కొత్తగా రాయించుకో: ఏ కంపెనీ కాగితం, ఎన్ని జీఎస్ఎం, క్రీజింగ్, ఫాయిల్ ఎంత మేర, ఆరడానికి ఎన్ని రోజులు, అన్నీ వేరు వేరు లైన్లలో. సంతకం పెట్టేముందు ప్రెస్సు పేరు కొట్టేసి ఇక్కడ పెట్టు. క్రీజింగ్ అన్న మాట ఉందో లేదో నేను చూస్తాను.