‘దట్ ఆఫ్’ ఎందుకు పెట్టాలి? మాక్ టెస్టులో మళ్ళీ దెబ్బ

గోదారి_గట్టు:
ఎస్సెస్సీ సీజీఎల్‌కి (పదో తరగతి కాదు, డిగ్రీ వాళ్ళకి పెట్టే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్నాను. తప్పు పట్టే ప్రశ్నల్లో పోలిక వచ్చిందంటే చాలు, నా పని అయిపోతోంది. నిన్నటి మాక్‌లో వాక్యం ఇది: "ద క్లైమేట్ ఆఫ్ ఊటీ ఈజ్ కూలర్ దేన్ చెన్నై". రెండు మూడు సార్లు చదివి ‘నో ఎర్రర్’ కొట్టాను. 2 మార్కులు పోయాయి, పైగా అర మార్కు కోత. చెన్నై ముందు ‘దట్ ఆఫ్’ ఉండాలట. అర్థం తెలుస్తూనే ఉంది కదండీ, ఇంకేం కావాలి వీళ్ళకి?

ఒంగోలు_మాష్టారు:
అర్థం మీరు సర్దుకుంటున్నారు, వాక్యం చెప్పట్లేదు. ఊటీ వాతావరణాన్ని తీసుకెళ్ళి చెన్నై ఊరితో పోల్చింది అది. "మా బావి నీళ్ళు మీ బావి కంటే తియ్యన" అంటే "బావిని ఎప్పుడు నాకావురా" అని ఏడిపిస్తారు కదా, "మీ బావి వాటికంటే" అనాలి. ఆ ‘వాటి’ ఉందే, అదే ఇంగ్లీషులో ‘దోజ్ ఆఫ్’. ‘దాని’ అయితే ‘దట్ ఆఫ్’. కాకపోతే నీళ్ళు మనకి బహువచనం, వాటర్ వాళ్ళకి ఏకవచనం, కాబట్టి ఈ బావి వాక్యాన్ని ఇంగ్లీషులో రాస్తే ‘దట్’ వస్తుంది. ఇక్కడే చాలామంది జారతారు.

డల్లాస్_బాబాయ్:
మా ఆఫీసులో అమెరికా వాళ్ళే ‘దట్ ఆఫ్’ ఎగ్గొట్టి మాట్లాడేస్తారు, ఎవరూ పట్టించుకోరు. కానీ ఇది చూడండి: "మై ఫాదర్ లవ్స్ క్రికెట్ మోర్ దేన్ మై మదర్". అమ్మ మీద కన్నా క్రికెట్ మీద ప్రేమ ఎక్కువనా, అమ్మకన్నా నాన్నకి క్రికెట్ పిచ్చి ఎక్కువనా? రెండోదైతే చివర ఒక్క ‘డజ్’ తగిలించండి, ఇంట్లో గొడవ ఉండదు.

రైలు_పిచ్చి:
రెండు వైపులా ఒకే రూపం ఉందో లేదో కూడా చూసుకో బ్రో. "టు గో బై ట్రైన్ ఈజ్ చీపర్ దేన్ ఫ్లయింగ్" అని ఇస్తారు. ఇటు ‘టు గో’, అటు ‘ఫ్లయింగ్’, జత కుదరలేదు. ‘గోయింగ్ బై ట్రైన్’ అని మార్చాలి.

గోదారి_గట్టు:
థాంక్స్ అండీ అందరికీ. ‘ఎనీ’ వస్తే పక్కన ‘అదర్’ కళ్ళు మూసుకుని పెట్టేయొచ్చా?

ఒంగోలు_మాష్టారు:
వద్దు బాబూ. "ఎవరెస్ట్ ఈజ్ హయ్యర్ దేన్ ఎనీ మౌంటెన్ ఇన్ ద వరల్డ్" అంటే ఎవరెస్ట్ తనకన్నా తనే ఎత్తయినట్టు, అక్కడ ‘అదర్’ కావాలి. అదే ‘ఇన్ యూరప్’ అన్నారనుకోండి, ఎవరెస్ట్ ఆ గుంపులోదే కాదు, ‘అదర్’ పెడితేనే తప్పు.

గోదారి_గట్టు:
సరే, నేను ఒకటి రాస్తా చూడండి. "ద మ్యాంగోస్ ఆఫ్ నూజివీడు ఆర్ స్వీటర్ దేన్ దట్ ఆఫ్ బనగానపల్లె".

ఒంగోలు_మాష్టారు:
మామిడిపళ్ళు ఎన్ని? ‘దోజ్’ పెట్టండి. ఏ ఊరివి తియ్యన అనేదానికి మాత్రం వేరే థ్రెడ్ తెరవండి, ఇక్కడ వద్దు.