చర్చ: నడుముకు పెట్టుకునే చిన్న పిస్టల్‌ని నమ్మడానికి 200 రౌండ్లు చాలా?

ఫ్రిస్కో_పల్నాటిబిడ్డ:
అందరికీ నమస్కారం. సిగ్ పి365 మంచిదా గ్లాక్ 19 మంచిదా అన్న పాత గొడవ కాదు. పి365 తీసుకోవడం అయిపోయింది. టెక్సస్ ఎండల్లో పల్చటి టీషర్టు కింద గ్లాక్ 19 పిడి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది, అందుకే చిన్నది. అడిగేది ఇదీ: జామ్ కాకుండా ఎన్ని రౌండ్లు (తూటాలు) పోతే దాన్ని నమ్మి రోజూ పెట్టుకోవచ్చు? షాపులో 200 అంటారు, కొందరు ట్రైనర్లు 500 అంటారు, ఇంకొందరు 1000 లోపు మాట్లాడొద్దంటారు. ఈ అంకెలకి ఆధారం ఏమిటి? అసలు ఇంత చిన్న పిస్టల్‌ని పెద్దదానితో సమానంగా నమ్మొచ్చా?

లెక్కల_మాస్టారు:
200కి ఆధారం అలవాటు తప్ప ఇంకేం లేదు. స్టాటిస్టిక్స్‌లో ఒక సులువైన లెక్క ఉంది. ఎన్ని సార్లు పరీక్షించినా ఒక్కసారీ తప్పు రాలేదనుకోండి. 3ని ఆ సంఖ్యతో భాగిస్తే, తప్పు జరిగే రేటు గరిష్ఠంగా ఎంత ఉండొచ్చో 95 శాతం నమ్మకంతో తెలుస్తుంది. 200 రౌండ్లు శుభ్రంగా పోయాయంటే జామ్ రేటు ఇంకా 1.5 శాతం దాకా ఉండొచ్చు. 500కి 0.6 శాతం, 1000కి 0.3 శాతం.

1.5 చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ అది ఒక్కో రౌండుకి. పది రౌండ్ల మ్యాగజైన్ (పిడిలో దూర్చే తూటాల పెట్టె) మొత్తంలో కనీసం ఒక జామ్ వచ్చే అవకాశం 14 శాతం అవుతుంది. 0.3 దగ్గర అది సుమారు 3 శాతం. ప్రాణం మీదకి వచ్చినప్పుడు వాడే వస్తువుకి 14 ఎక్కడ, 3 ఎక్కడ! కాబట్టి నా మాట వెయ్యి. అందులో కనీసం 200 మీరు రోజూ పెట్టుకునే తూటాలే కావాలి.

స్ప్రింగ్_సంగతి:
మాస్టారూ, లెక్క కరెక్టే, కానీ దాన్ని చిన్న పిస్టల్‌కి అలాగే దించితే తేడా కొడుతుంది. ముందు చిన్నదానికీ పెద్దదానికీ తేడా ఎక్కడుందో చూద్దాం.

గ్లాక్ 19 బ్యారెల్ 4.02 అంగుళాలు, పి365ది 3.1. కాల్చేది అదే 9ఎంఎం, అదే ప్రెషరు. స్లైడ్ (పేలినప్పుడల్లా వెనక్కీ ముందుకీ కదిలే పై భాగం) మాత్రం తేలిక, వెనక్కి వెళ్ళడానికి చోటు తక్కువ. తేలిక స్లైడ్ వేగంగా వెనక్కొస్తుంది, దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగ్ పెట్టాలి, ఆ స్ప్రింగ్ మళ్ళీ దాన్ని వేగంగా ముందుకి తోస్తుంది. ఈ మధ్యలో మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాని పైకి లేపాలి. పెద్ద పిస్టల్‌లో దానికి కాస్త వెసులుబాటు ఉంటుంది. చిన్నదాంట్లో ఆ వ్యవధి బాగా కుదించుకుపోతుంది. అందుకే పెద్దదాంట్లో చెల్లిపోయే చిన్న లోపాలు (బలం తగ్గిన మ్యాగజైన్ స్ప్రింగ్, మ్యాగజైన్ నోటి దగ్గర వంగిన పెదవి, స్లైడ్ జారే రెయిలు మీద ఆరిపోయిన నూనె, వదులు పట్టు) చిన్నదాంట్లో జామ్‌గా బయటపడతాయి. చిన్నది నాసిరకమని కాదు, తప్పుని మన్నించే గుణం దానికి తక్కువ.

ఇక వెయ్యి రౌండ్ల మాట. పి365లో స్లైడ్‌ని ఆపే ఆ స్ప్రింగ్‌ని (రీకాయిల్ స్ప్రింగ్) 2,500 రౌండ్లకి మార్చమంటారు. ఈ సైజు పిస్టళ్ళకి అటూ ఇటూగా ఇదే లెక్క. పరీక్షకే వెయ్యి కాలిస్తే ఆ స్ప్రింగ్ ఆయుష్షులో నలభై శాతం అయిపోయినట్టే. మీరు పరీక్షించింది కొత్త స్ప్రింగ్‌ని, రోజూ పెట్టుకోబోయేది సగం వాడినదాన్ని. పోనీ స్ప్రింగ్ మార్చారనుకోండి, అప్పుడు అది మీరు పరీక్షించిన పిస్టల్ కాదు. ఈ చిక్కుముడి రౌండ్లు పెంచినంత మాత్రాన విడిపోదు.

స్ప్రింగ్ చూసుకునే పద్ధతి: మ్యాగజైన్ తీసేయండి, చాంబర్ (తూటా పేలే గది) ఖాళీగా ఉందని కంటితో ఒకసారి, వేలితో ఒకసారి చూడండి. గొట్టాన్ని పైకి, ప్రమాదం లేని దిక్కుకి పెట్టి స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి, చేత్తో పట్టుకునే మెల్లగా ముందుకి వదలండి. చివరి కొస దాకా దానంతట అదే వెళ్ళి మూసుకోవాలి. కొంచెం ముందే ఆగిపోతే రెయిళ్ళు తుడిచి నూనె రాసి మళ్ళీ చూడండి. అయినా ఆగితే స్ప్రింగ్ మార్చాల్సిందే.

అయిదు_గుళ్ళు_చాలు:
ఇంత తంటా ఎందుకండీ? స్మిత్ అండ్ వెసన్ 442 గానీ 642 గానీ, అయిదు గుళ్ళ రివాల్వర్ తీసుకోండి. మ్యాగజైన్ లేదు, స్లైడ్ లేదు, పట్టు వదులైనా పనిచేస్తుంది. గుండు పేలకపోతే ట్రిగ్గర్ మళ్ళీ నొక్కితే తర్వాతది వస్తుంది. జాకెట్ జేబులోంచే కాల్చాల్సి వచ్చినా సుత్తి లోపలే ఉంటుంది కాబట్టి బట్టలో చిక్కుకోదు. పిస్టల్ అయితే జేబులో ఒక్కటి పేలాక స్లైడ్ గుడ్డలో ఇరుక్కుంటుంది. ఎదుటి మనిషి మీదపడి పెనుగులాడుతున్నప్పుడు పిస్టల్ మూతి ఒంటికి గట్టిగా ఆనితే స్లైడ్ కాస్త వెనక్కి జరిగి అసలు పేలదు. రివాల్వర్‌కి ఆ బెడద లేదు.

స్ప్రింగ్_సంగతి:
జేబు, పెనుగులాట, రెండూ ఒప్పుకుంటాను. ఆ రెండు సందర్భాల్లో రివాల్వరే మేలు. కానీ రివాల్వర్ జామ్ కాదన్నది అపోహ. ఎజెక్టర్ రాడ్ (ఖాళీ కేసుల్ని, అంటే తూటా తొడుగుల్ని, బయటికి తోసే కడ్డీ) వదులైతే సిలిండర్ (గుళ్ళు పట్టే తిరిగే భాగం) తెరుచుకోదు. కాలకుండా మిగిలిన పౌడర్ నలుసులు నాలుగు ఎక్స్‌ట్రాక్టర్ నక్షత్రం (కేసుల్ని పైకెత్తే నక్షత్రం ఆకారపు ముక్క) కింద పడితే సిలిండర్ మూసుకోదు, మూసినా తిరగదు. తేలికపాటి ఫ్రేమ్‌లో క్రింపు (బుల్లెట్ మీద కేసు అంచు బిగింపు) సరిగ్గా లేని తూటాలు పెడితే, కాల్చినప్పుడల్లా కుదుపుకి మిగతా బుల్లెట్లు కేసులోంచి ముందుకి జారుకొస్తాయి. ఒకటి సిలిండర్ దాటి పొడుచుకొచ్చిందా, అక్కడితో బిగుసుకుపోయినట్టే. పిస్టల్ జామ్‌ని చాలావరకు రెండు సెకన్లలో వదిలించొచ్చు. రివాల్వర్ బిగుసుకుంటే బల్ల మీద పెట్టి పనిముట్లతో విప్పాలి. రివాల్వర్ జామ్‌లు తక్కువే, వచ్చిందంటే మాత్రం ఆ పూటకి అది పనికిరాదు.

రేంజ్_మేడమ్:
ఇద్దరూ తుపాకీ గురించే మాట్లాడుతున్నారు, చెయ్యి సంగతి వదిలేశారు. ఈ సైజు పిస్టళ్ళలో కనిపించే జామ్‌లలో చాలా వాటికి మూలం పట్టే. పిడి పొట్టి కాబట్టి చిటికెన వేలికి చోటుండదు. మణికట్టు వదులైతే స్లైడ్‌తో పాటు ఫ్రేమ్ కూడా వెనక్కి కదిలిపోతుంది, స్లైడ్ పూర్తి దూరం వెళ్ళదు, ఖాళీ కేసు బయటపడకుండా నిటారుగా ఇరుక్కుంటుంది.

రెండోది బొటనవేలు. రెండు చేతులతో పట్టినప్పుడు బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని తెరిచి ఆపే మీట) మీదకి వస్తుంది. పైనుంచి అదిమితే చివరి రౌండు తర్వాత స్లైడ్ తెరుచుకుని ఆగదు. కిందినుంచి తగిలితే ఇంకా తూటాలుండగానే మధ్యలో ఆగిపోతుంది. ఈ రెండిటికీ కంపెనీని తిట్టి పిస్టల్‌ని సర్వీసుకి పంపేవాళ్ళు చాలామంది. మార్చాల్సింది బొటనవేలి చోటు మాత్రమే.

పల్నాటి తమ్ముడూ, అంకె కన్నా ఎలా కాలుస్తావన్నది ముఖ్యం. మ్యాగజైన్లకి పెయింట్ పెన్నుతో 1, 2, 3 అని నంబర్లు వేయి. మామూలు ఎఫ్ఎంజె (మొనకి లోహం తొడిగిన ప్రాక్టీసు తూటా) 200, అన్ని మ్యాగజైన్ల మీద సమానంగా పంచి, మధ్యలో శుభ్రం చేయకుండా కాల్చు. ఆ మురికి మీదే నువ్వు రోజూ పెట్టుకునే హాలో పాయింట్ (మొనలో గుంట ఉన్న తూటా) కనీసం 100. అందులో ఒక మ్యాగజైన్ కుడిచేత్తో ఒంటిగా, ఒకటి ఎడమచేత్తో ఒంటిగా. నువ్వు ఇంట్లో నింపి పెట్టుకునేది పది ప్లస్ ఒకటి అయితే, ప్రతి మ్యాగజైనూ పది ప్లస్ ఒకటితోనే మొదలుపెట్టు. నిండు మ్యాగజైన్‌లో తూటాలు స్లైడ్ అడుగుని గట్టిగా ఒరుసుకుంటాయి, ఆ ఘర్షణ తొమ్మిది నింపితే తెలియదు. జామ్ అయితే మూడు విషయాలు రాసుకో: ఏ మ్యాగజైను, ఎన్నో రౌండు, ఏ రకం జామ్. ఒకే నంబరు మ్యాగజైన్ మళ్ళీ మళ్ళీ కనిపిస్తే తప్పు దానిదే, ప్రాక్టీసుకి పక్కన పెట్టేయి. మొదటి ఒకటి రెండు రౌండ్లకే అయితే మ్యాగజైన్ బిగువు, చివరి రౌండ్లలో అయితే మ్యాగజైన్ స్ప్రింగ్ నీరసం. పిన్ను పడినా పేలకపోతే ఆ తూటా ప్రైమర్ (అడుగున పిన్ను తగిలే చోటు) చూడు. గుంట తేలిగ్గా ఉంటే చాలాసార్లు కారణం స్ట్రైకర్ (ప్రైమర్‌ని కొట్టే పిన్ను) గొట్టంలో పోసిన నూనే. అక్కడ నూనె పడితే పొడి, దూది నలక కలిసి ముద్దగా తయారవుతాయి. ఆ గొట్టం పొడిగానే ఉండాలి.

లెక్కల_మాస్టారు:
మేడమ్ గారూ, మీ పద్ధతిలో జామ్‌లు గుంపుగా వస్తాయన్న సంగతి దాగి ఉంది. నా లెక్క ప్రతి రౌండూ స్వతంత్రం అనుకుంటుంది. నిజంలో ఒక చెడ్డ మ్యాగజైన్, ఒక వదులు పట్టు కలిసి పదింటికి నాలుగు జామ్‌లు తెస్తాయి, మిగతా రోజుల్లో సున్నా. అలాంటి పెద్ద లోపాలైతే 300లోనే బయటపడతాయి, ఒప్పుకుంటా. అరుదైనవి బయటపడవు. నేను అడిగేది ఆ అరుదైన వాటి గురించే. వాటిని 300 రౌండ్లు పట్టుకోలేవు, ఆ మాట మీద నిలబడతాను.

స్ప్రింగ్_సంగతి:
అవి మీ వెయ్యిలోనూ బయటపడవు మాస్టారూ. కొన్ని అసలు కాల్చడం వల్ల తేలేవే కావు. 2008లో రూగర్ ఎల్‌సీపీ అనే చిన్న పిస్టల్ కింద పడితే పేలే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచారు. 2013లో స్మిత్ షీల్డ్‌కి పడిపోయినప్పటి భద్రత మీద హెచ్చరిక వచ్చింది, అదే ఏడాది స్ప్రింగ్‌ఫీల్డ్ ఎక్స్‌డీ-ఎస్‌ని వెనక్కి పిలిచారు. 2018లో వచ్చిన తొలి పి365ల్లో స్ట్రైకర్ పిన్నులు విరిగాయన్న ఫిర్యాదులు చాలా వచ్చాయి. ఇవన్నీ వేలమంది చేతుల్లో పడ్డాకే తెలిశాయి. కాబట్టి అరుదైన లోపాలకి ఆధారం మీ ఒక్కరి లెక్క కాదు, ఆ మోడల్ చరిత్ర. కొత్త మోడల్ మార్కెట్లోకి వచ్చిన మొదటి ఏడాది దాన్ని నడుముకు పెట్టుకోకండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే సీరియల్ నంబరు రీకాల్ పరిధిలో ఉందేమో కంపెనీ సైట్లో చూడండి. మీ సొంత పరీక్ష చెప్పేది ఒక్కటే: మీ చేతికొచ్చిన ఈ పిస్టల్, ఈ మ్యాగజైన్లు, ఈ తూటా కలిసి పనిచేస్తున్నాయా లేదా. దానికి మేడమ్ చెప్పిన 300 సరిపోతుంది.

ఇంకోటి. గ్లాక్ 43ఎక్స్ వాళ్ళు పది బదులు పదిహేను పట్టే వేరే కంపెనీ స్టీలు మ్యాగజైన్లు పెడుతుంటారు. స్టీలు మ్యాగజైన్ తనని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్యాచ్‌ని కొరికేస్తుంది, కొన్నాళ్ళకి మ్యాగజైన్ నిలవదు. పెట్టేవాళ్ళు క్యాచ్ కూడా స్టీలుది మార్చాలి, మళ్ళీ 300 మొదటినుంచీ కాల్చాలి. రోజూ పెట్టుకునే పిస్టల్‌లో అసలు కంపెనీ మ్యాగజైనే ఉంచండి.

ఎడిసన్_ఎన్జే:
న్యూజెర్సీ వాళ్ళకి ఒక చిక్కు. ఇక్కడ ఇంటి బయట హాలో పాయింట్ పెట్టుకోవడం మీద ఆంక్ష ఉంది. పాలిమర్ నింపిన మొన ఉన్న హార్నడీ క్రిటికల్ డిఫెన్స్ లాంటివి ఆ లెక్కలోకి రావని స్టేట్ పోలీసులే చెప్పారు. అందువల్ల ఫ్రిస్కోలో గోల్డ్ డాట్ (ఒక రకం హాలో పాయింట్) మీద వచ్చిన ఫలితం మాకు పనికిరాదు. మొన ఆకారం మారితే ఫీడ్ ర్యాంప్‌కి (తూటా చాంబర్‌లోకి ఎక్కే వాలు) తగిలే కోణం మారుతుంది. ఆ వంద రౌండ్లూ మేం పెట్టుకునే తూటాతోనే కాల్చాలి. ఖరీదైనా తప్పదు.

మోడరేటర్:
చర్చ బాగుంది. చదివేవాళ్ళలో హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 వాళ్ళు ఎక్కువ కాబట్టి ఒక్క మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతిలో ఉన్నంత మాత్రాన నిషేధం తొలగదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి పర్మిట్ లేకుండా పెట్టుకోవచ్చన్న చట్టం ఈ నిషేధాన్ని తీసేయలేదు. గ్రీన్‌కార్డు వచ్చాకే ఈ ఆలోచన చేయండి. అనుమానం ఉంటే లాయర్ని అడగండి, ఇక్కడ కాదు.

ఫ్రిస్కో_పల్నాటిబిడ్డ:
అందరికీ ధన్యవాదాలు. మేడమ్ పద్ధతిలోనే కాలుస్తా. ఇంకో సందేహం: ఇంట్లో చిన్నపిల్లలున్నారు కాబట్టి రోజూ రాత్రి చాంబర్‌లోంచి తూటా తీసి సేఫ్‌లో పెట్టి, పొద్దున్నే అదే తూటా మళ్ళీ ఎక్కిస్తే తప్పేమైనా ఉందా?

రేంజ్_మేడమ్:
ఉంది. ఎక్కించిన ప్రతిసారీ బుల్లెట్ మొన ర్యాంప్‌కి గుద్దుకుని కొద్దికొద్దిగా కేసులోకి దిగుతుంది. లోపలి ఖాళీ తగ్గితే పేలినప్పుడు ప్రెషరు బాగా పెరుగుతుంది. 9ఎంఎం మామూలు పరిమితే 35,000 పీఎస్ఐ, చిన్న పిస్టల్‌లో దాన్ని మించడం మంచిది కాదు. అదే పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి చూడు, కాలిపర్ (పొడవు కొలిచే పనిముట్టు) ఉంటే ఇంకా మేలు. పొట్టిగా కనిపిస్తే మళ్ళీ ఎక్కించకు, కాల్చకు, రేంజ్ వాళ్ళకి ఇచ్చేయి. తేడా లేకపోయినా ఒకే తూటాని రెండుసార్లకి మించి ఎక్కించకు, దాన్ని మ్యాగజైన్ అడుగుకి పంపి కొత్తది పైకి తెచ్చుకో.

అసలు రోజూ దించాల్సిన పనే లేదు. పిస్టల్‌ని హోల్‌స్టర్ (ఒర)తో సహా నడుము నుంచి తీసి అలాగే సేఫ్‌లో పెట్టి తాళం వేయి. ట్రిగ్గర్ కప్పి ఉంటుంది, పిల్లలకి అందదు, తూటా అరగదు. నెలకోసారి మాత్రం బయటికి తీసి దించి, మ్యాగజైన్ లోపల దుమ్ము తుడువు, చెమట తగిలే వైపు స్లైడ్‌కి పల్చగా నూనె రాయి. ఆ ఎండల్లో రెండు వారాలకే గురి చూసే సైట్ల చుట్టూ, స్క్రూల మీద తుప్పు చుక్కలు కనిపిస్తాయి, అక్కడ ముందు చూడు.