హాస్టల్ వైఫైలో ఒకే అంతస్తులో 45 ఫోన్లు చేరితే మా ఇంటర్నెట్ టీవీ ఆగిపోతోంది, ఏం చేయాలి?

బరంపురంలో కాలేజీ విద్యార్థుల కోసం తెలుగు, ఒడియా కార్యక్రమాలు ప్రత్యక్షంగా ప్రసారం చేస్తున్నాం. ఒక హాస్టల్‌లో చూసేవాళ్లు 40 నుంచి 150కి పెరిగారు. అప్పటినుంచి రాత్రి 9 గంటలకు బొమ్మ ఆగి చక్రం తిరుగుతూనే ఉంటోంది.

మొదట లైనే ఇరుకనుకున్నాం. 480పి ప్రసారం మనిషికి 1.2 ఎంబీపీఎస్, 150 మందికి 180. హాస్టల్ లైను 100. అందుకని అక్కడే ఒక చిన్న పెట్టెలో ఎన్‌జిన్ఎక్స్ క్యాష్ (వీడియోను ఒకసారి తెచ్చుకుని అక్కడినుంచే అందరికీ ఇచ్చే సర్వర్) పెట్టాం. వీడియో ముక్కలు 10 నిమిషాలు, ప్లేలిస్టు (తర్వాత ఏ ముక్కలు ఆడాలో చెప్పే జాబితా) 1 సెకను నిలవ ఉంటాయి. క్యాష్ లాక్ ఆన్‌లోనే ఉంది, అంటే ఒకే ముక్కను ఒకేసారి ఎంతమంది అడిగినా బయటినుంచి ఒక్కసారే తెస్తుంది. ఇప్పుడు బయటి లైను మీద 5 ఎంబీపీఎస్ కూడా పడటం లేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో 20 ఫోన్లకు హాయిగా వస్తోంది.

చిక్కంతా రెండో అంతస్తులోనే. 45 ఫోన్లకు ఒకటే యాక్సెస్ పాయింటు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె), అదీ 2.4 గిగాహెర్ట్జ్, 20 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఛానెళ్లు 1, 6, 11 మార్చి చూశాం. 360పి, 600 కేబీపీఎస్‌కి దించాం, కొంచెం నయం, అంతే. 6 సెకన్ల ముక్కల్ని 2 సెకన్లకు తగ్గిస్తే రిక్వెస్టులు మూడింతలై ఇంకా చెడింది. మల్టీకాస్ట్ (ఒకే ప్రసారాన్ని ఒకేసారి అందరికీ పంపడం) దారి లేదు: ఫోన్ బ్రౌజర్లు తీసుకోవు, పైగా వైఫైలో అది సాధారణంగా అతి తక్కువ వేగంతో వెళ్తుంది.

ఆ 45లో పదిహేను ఫోన్లకు 5 గిగాహెర్ట్జ్ లేదు. పరీక్షల ముందు పాఠాలు మొదలవుతాయి, అవి ఆగకూడదు. ఈ అంతస్తుకు రెండు బ్యాండ్లున్న యాక్సెస్ పాయింట్లు ఎన్ని పెడితే 480పి నిలకడగా వస్తుంది?