ఈ వారం సమస్య: దుంప తొక్కను తీయగాఁ దుళ్ళె గుండె

మిత్రులారా, తేటగీతి అనే పద్యరీతిలో చివరి పాదం ఇది, పై మూడు పాదాలూ మీరు కట్టి పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ. ‘తీయగాన్’ ద్రుతాంతం, అంటే చివర ‘న్’ ఉన్న పదం, కాబట్టి తుళ్ళె కాస్తా దుళ్ళె అయింది, అచ్చుతప్పు అనుకోకండి.

ఊరికే తమాషాకి ఇవ్వలేదు. బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకెర్మాన్ 1975లో తీసిన ‘జాన్ డీల్మాన్’ సినిమా చూశాను. 201 నిమిషాలు, బ్రస్సెల్స్‌లో ఒక వితంతువు ఇంట్లో మూడు రోజులు, కెమెరా పెట్టిన చోటే ఉంటుంది, ఆమె వండుతుంది, గిన్నెలు కడుగుతుంది, లైటు ఆర్పి పక్క గదిలోకి వెళ్తుంది. 2022లో సైట్ అండ్ సౌండ్ అనే సినిమా పత్రిక అత్యుత్తమ చిత్రాల కోసం జరిపిన విమర్శకుల ఓటింగులో దీనికి మొదటి స్థానం ఎందుకిచ్చారో రెండో రోజు దుంపలు ఎక్కువ ఉడికిపోయేదాకా నాకు తెలియలేదు. ఆమె మళ్లీ కూర్చుని కొత్తవి తొక్క తీస్తుంది. చేతి లయ మారింది, అంతే, నాకు ఒకటే టెన్షన్. ముగింపు మాత్రం ఎవరూ చెప్పకండి, చూడనివాళ్లున్నారు.

నా పూరణ:

నిన్న చేసిన పనులనే నేడు చేసె,
గిన్నె మూతను మరచెను, గీటు తప్పె,
చితికె దుంపలు పొయ్యిపై, చేత మరల
దుంప తొక్కను తీయగాఁ దుళ్ళె గుండె.

రెండో పూరణ, గుంటూరు నుంచి:

గంట గడిచిన కదలదు బొమ్మ యనుచు
లేవబోయితి; కూర్చుంటి లెస్స జూచి;
మొదటి నాటి నిదానము ముక్కలయ్యె,
దుంప తొక్కను తీయగాఁ దుళ్ళె గుండె.

— తమ్ముడూ, మూడో పాదం బ్రహ్మాండం. మొదటి రోజు అంతసేపు చూపించకపోతే ముక్కలవడానికి అక్కడ ఏముంటుంది? కానీ మొదటి పాదంలో గం–బొ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరం పొంతన) కుదరలేదు. ‘కదలదు కథ యటంచు’ అనండి, గకు క సరిపోతుంది, అర్థమూ చెడదు.

— మార్చేశాను గురువుగారూ, ధన్యవాదాలు. ‘బొమ్మ’ మీద మోజుతో యతి చూసుకోలేదు.

మూడోది, వరంగల్ నుంచి (మేం ఆలుగడ్డ అంటాం గానీ పాదంలో దుంప ఉంది కదా):

అమ్మ చేతులు జూచితి నందు నేను,
పలుక దెవ్వరి తోడను, పనియె మాట,
మౌనముననున్న బరువెల్ల మదికి దెలిసి
దుంప తొక్కను తీయగాఁ దుళ్ళె గుండె.

— అమ్మా, ‘పనియె మాట’ దగ్గర ఆగిపోయాను. ఛందస్సులో వంక లేదు. ఒక్క సందేహం: గుండె తుళ్ళేది ఉలికిపాటుకి, మీ మూడో పాదం దిగులు వైపు లాగుతోంది, రెండూ అతకలేదేమో?

— లేదు గురువుగారూ, ఉలికిపాటే. ఒకరోజు అమ్మ ఆలుగడ్డ తొక్క తీస్తూ తీస్తూ ఆగిపోయింది, కత్తి చేతిలోనే ఉంది, కిటికీ వైపు చూస్తోంది, నేను రెండుసార్లు పిలిచినా పలకలేదు. నేను పదో తరగతి అప్పుడు. ఆ సినిమాలో ఆమె చెయ్యి ఆగినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

— అయితే పాదం మార్చకండి. అలాగే ఉంచండి.