మా అమ్మాయిని వెయిట్‌లిఫ్టింగ్ మాన్పించి క్రికెట్‌లో వేయమంటున్నారు, ఏం చేయాలి?

విజయనగరం నాన్న:

అందరికీ నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. చిన్న టైలరింగ్ షాపు నడుపుకుంటున్నాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఏడో తరగతి నుంచి వెయిట్‌లిఫ్టింగ్ చేస్తోంది. ఈమధ్య రాష్ట్రస్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో కాంస్యం తెచ్చింది.

అదే వారం మా మండలంలో క్రికెట్ టోర్నమెంట్ ఫైనల్ అయింది. గెలిచిన జట్టుకి నగదు, ట్రోఫీ, డీజే పెట్టి ఊరేగింపు, జిల్లా పేజీలో పెద్ద ఫోటో. మా పాప పేరు ఆ పేజీలోనే కింద ఎక్కడో ఒక లైనులో, అదీ ఇంటిపేరు తప్పుగా పడింది. పాప ఏమీ అనలేదు. ఆ ముక్క కత్తిరించి లెక్కల నోట్సులో పెట్టుకుంది.

ఇప్పుడు చుట్టాల గోల మొదలైంది. "ఆడపిల్లకి బరువులేంట్రా, రేపు నడుము పట్టేస్తే ఎవడు చేసుకుంటాడు" అని ఒకరు. "అంత బలం ఉన్న పిల్లని క్రికెట్‌లో వేస్తే ఇండియా జట్టుకి ఆడే కడప శ్రీచరణిలా అయిపోదూ" అని ఇంకొకరు. పాప చదివే బడిలో ఆటల డబ్బులతో క్రికెట్ నెట్స్ కట్టారు, మంచిదే. లిఫ్టింగ్‌కి మాత్రం ఎప్పటిదో వంగిపోయిన బార్ ఒకటే దిక్కు.

రెండు విషయాలు తెలుసుకోవాలని ఉంది. ఈ ఆటలో నిజంగా బతుకు ఉందా? మన దేశంలో ఎందుకు అందరి కళ్లూ ఒక్క ఆట మీదే ఉంటాయి?

కడప కుర్రాడు:

అన్నా, శ్రీచరణి మా జిల్లా అమ్మాయి. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో మన ఆడవాళ్ల జట్టు ప్రపంచకప్ గెలిచిన రాత్రి మా వీధిలో ఒక్కరూ పడుకోలేదు. అయినా ఒక మాట. ఆడవాళ్ల క్రికెట్ కూడా నిన్నటిదాకా మీ పాప ఉన్నచోటే ఉంది. హైదరాబాద్ మిథాలీ రాజ్ కెప్టెన్సీలో 2005లోనే ప్రపంచకప్ ఫైనల్ ఆడారు. అప్పట్లో ఆడవాళ్ల జట్టు బీసీసీఐ కింద కూడా లేదు, 2006లో కలిపారు. మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది 2022లో. అంటే 17 ఏళ్లు. జనం చూస్తున్నారని ఆటలోకి వచ్చినవాళ్లెవరూ అన్నేళ్లు నిలబడరు. పాపకి బ్యాటు పట్టుకోవాలని ఉంటేనే పంపండి, చుట్టాలకి ఉందని మాత్రం వద్దు.

రిటైర్డ్ పీఈటీ, శ్రీకాకుళం:

బాబూ, నేను శ్రీకాకుళం జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. పిల్లల్ని మీట్లకి, అంటే పోటీలకి, తీసుకెళ్లడంలోనే నా సర్వీసంతా గడిచింది. కాస్త పెద్దగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ఆ పేపర్ ముక్క దాచుకుందన్నారు చూడండి, పాప సంగతి నాకు అక్కడే అర్థమైంది. ఆ పిల్లకి ఆట కావాలి. గుర్తింపు కూడా కావాలి, అందులో తప్పేమీ లేదు. మీరు మాన్పిస్తే పోయేది మొదటిది.

మీకు పక్క జిల్లా ఉదాహరణే చెప్తాను. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరిది. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చుకుంది. బంగారం, వెండి తెచ్చుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5. క్లీన్ అండ్ జెర్క్ చివరి ప్రయత్నంలో ఆమె 137.5కి వెళ్లింది. అది లేచి ఉంటే బంగారమే. ఆ ఒలింపిక్స్‌లో దేశం మొత్తానికి వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఇదంతా ఇవాళ మన జిల్లాలోనే పదో తరగతి పిల్లల్ని అడిగితే సగం మందికి తెలియదు. అదే 2011 ఫైనల్లో ఆఖరి సిక్సర్ ఎవరు కొట్టారో అప్పటికి పుట్టనివాళ్లు కూడా చెప్తారు. నాకు కడుపులో బాధ అక్కడే.

ఇక మీ రెండో ప్రశ్న. ఎప్పుడూ ఇలా లేదండీ. 1928 నుంచి 1956 దాకా వరసగా ఆరు ఒలింపిక్ స్వర్ణాలు హాకీలో మనవే. 1976లో మాంట్రియల్‌కి వచ్చేసరికి గడ్డి మైదానం పోయి కృత్రిమ టర్ఫ్ వచ్చింది, మనవాళ్లు ఏడో స్థానంలో ఆగారు. టర్ఫ్ వేయాలంటే కోట్లు కావాలి. గడ్డి మీద, మట్టి మీద నేర్చుకున్న ఊరి పిల్లలు అక్కడే వెనకబడ్డారు. 1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో పాటే కలర్ టీవీ వచ్చింది. ఆ టీవీలో హాకీ ఫైనల్ చూద్దామని కూర్చుంటే పాకిస్తాన్ చేతిలో 7-1 ఓటమి. ఏడాది తిరక్కుండానే 1983 జూన్‌లో కపిల్ దేవ్ లార్డ్స్‌లో కప్పు ఎత్తాడు. కొత్తగా టీవీ కొన్న ఇంట్లో జనం దేన్ని పట్టుకుంటారు చెప్పండి? తర్వాత ప్రైవేటు చానళ్లు వచ్చాయి, ప్రకటనలు వచ్చాయి. ఇప్పుడు ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులకే 48,390 కోట్లు పలికింది.

అయితే నేను క్రికెట్‌ని తిట్టను. నా బడిలో పిల్లలు సెలవు రోజు కూడా గ్రౌండ్‌కి వచ్చేవారంటే అది క్రికెట్ వల్లే. దాన్నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. క్రికెట్‌లో రెండో మెట్టు ఉంది. ఇండియా జట్టు ముఖం ఎప్పుడూ చూడని రంజీ (రాష్ట్ర జట్ల మధ్య పోటీ) కుర్రాడికి కూడా ఆడిన రోజుకి 40 వేల నుంచి 60 వేల దాకా మ్యాచ్ ఫీజు వస్తుంది. దేశంలో రెండు వందలో స్థానంలో ఉన్న ఆటగాడు కూడా ఆట మీద ఇల్లు నడుపుకుంటాడు. వెయిట్‌లిఫ్టింగ్‌లో దేశంలో నాలుగో స్థానంలో ఉన్న అమ్మాయికి ఏమొస్తుంది? సర్టిఫికెట్, టీషర్టు, ఛార్జీలు. అందరూ సచిన్‌లా, కోహ్లీలా అవ్వాలని పిల్లల్ని క్రికెట్‌లో వేస్తారనుకుంటాం గానీ, తల్లిదండ్రులు లోపల లెక్క వేసేది ఈ రెండో మెట్టునే.

మిగతా ఆటల్లో ఆ మెట్టు కట్టాల్సింది ఫెడరేషన్లు. 2022లో ఫిఫా మన ఫుట్‌బాల్ సమాఖ్యని సస్పెండ్ చేసింది. 2023లో మల్లయోధులు తమ ఫెడరేషన్ అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఢిల్లీ జంతర్‌మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. ఇవి క్రికెట్ చేసిన పాపాలు కావు కదా.

ఓరుగల్లు:

మాస్టారూ, మీరు చెప్పినదానిలో చాలావరకు నిజమే, కానీ ప్రభుత్వాలు ఏమీ ఇవ్వట్లేదన్నట్టు అనిపిస్తోంది. మా వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో టీ20 (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి) విభాగంలో కాంస్యం తెస్తే తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, 500 గజాల స్థలం ప్రకటించింది. కోచ్ నాగపురి రమేష్ గారికి కూడా 10 లక్షలు. క్రికెటర్ సిరాజ్‌తో పాటు బాక్సర్ నిఖత్ జరీన్‌కి కూడా డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు. రోజులు మారుతున్నాయి కదా.

రిటైర్డ్ పీఈటీ, శ్రీకాకుళం:

మారుతున్నాయి బాబూ, కాదనను. ఆ అమ్మాయికి ఎంత ఇచ్చినా తక్కువే. పారిస్‌కి కొన్ని నెలల ముందు కోబెలో జరిగిన ప్రపంచ పారా పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది. కానీ మీరు చెప్పినవన్నీ ఎప్పుడొచ్చాయి? పతకం వచ్చాక. అంతకుముందు కూలి చేసుకునే ఆ తల్లిదండ్రులు ఉన్న కాస్త పొలం అమ్ముకున్నారు. ఊళ్లో ఆ పిల్లని ఎన్ని మాటలన్నారో మీ జిల్లావాళ్లకి నాకంటే బాగా తెలుసు. కోచ్ చూసి హైదరాబాద్ తీసుకురాకపోతే ఆ పరుగు కల్లెడలోనే ఆగిపోయేది. గుడ్డు, పాలు, బూట్లు, బస్సు ఛార్జీ, ఇవి కావాల్సింది 14 ఏళ్లప్పుడు. కోటి రూపాయలు వెనక్కి వెళ్లి ఆ గుడ్డు కొనలేవు.

సికింద్రాబాద్ ఫుట్‌బాల్:

మధ్యలో ఒక మాట. మా నాన్న, పెదనాన్నలు లాల్‌బహదూర్ స్టేడియంలో ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్‌లు ఆడినవాళ్లు. హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్ వరసగా ఐదుసార్లు గెలిచింది. కోచ్ రహీం సాబ్ వృత్తిరీత్యా బడిపంతులు. ఇండియా జట్టుకీ ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారం ఆయన చలవే. ఆ జట్లలో ఆడిన తులసీదాస్ బలరాం మా అమ్ముగూడ మనిషి. పోలీసు, రైల్వే, బ్యాంకులు జట్ల కోసం కుర్రాళ్లని తీసుకునేవి, కుర్రాళ్లు ఆ ఉద్యోగాల కోసం ఆడేవారు. ఆ నియామకాలు తగ్గాకే మా వీధిలో బూట్లు అటకెక్కాయి. క్రికెట్ తర్వాత వచ్చి ఖాళీగా ఉన్న గ్రౌండ్‌లో వికెట్లు పాతింది. మాస్టారు చెప్పిన రెండో మెట్టు అంటే మాకు అదే.

విజయనగరం నాన్న:

మాస్టారూ, మీ మాటలు మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. పాపని మాన్పించం. మరి నాబోటివాడు ఇప్పుడు ఏం చేయాలి? ఖర్చు పెద్దగా పెట్టలేను.

రిటైర్డ్ పీఈటీ, శ్రీకాకుళం:

సంతోషం బాబూ. మీ చేతిలో ఉన్నవి చెప్తాను.

ముందు ఆ బార్ సంగతి. వంగిందన్నారు, అది వెంటనే పక్కన పెట్టించండి. ఇంకోటి గమనించండి. మగవాళ్ల బార్ 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల లావు. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లే కదా అనుకుంటారు. లిఫ్టర్లు బొటనవేలిని బార్‌కి ఆనించి దానిమీద మిగతా వేళ్లు వేసి బిగిస్తారు. చిన్న చేతికి లావు బార్ మీద ఆ పట్టు అందదు, వేళ్లు బొటనవేలిని పట్టుకోలేక జారతాయి. పల్లెల్లో చాలాచోట్ల ఉండేది మగ బార్ ఒక్కటే. ఆడపిల్లలు దానిమీదే నేర్చుకుని, మీట్‌లో సన్న బార్ చూసి కంగారు పడటం నా కళ్లారా చూశాను. హెడ్‌మాస్టర్‌ని, తల్లిదండ్రుల కమిటీని, ఊళ్లో పూర్వ విద్యార్థుల్ని కలిసి ఒక్క ఆడవాళ్ల బార్ అడగండి. నెట్స్‌కి ఇచ్చినవాళ్లనే అడగండి, మొహమాటపడొద్దు. పాప ఒక్కదానికే కాదు, తర్వాత వచ్చే పిల్లలకీ పనికొస్తుంది.

మీ జిల్లాలోనే నెల్లిమర్ల మండలం కొండవెలగాడ ఉంది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది. ఆదివారం పూట పాపని వెంటబెట్టుకుని ఒకసారి అక్కడికి వెళ్లండి. అమ్మాయిలు బరువులెత్తడం వింత కాని ఊళ్లో ఒక పూట గడిపితే, మీ చుట్టాల మాటలు పాపకి గుర్తుండవు. "ఎవడు చేసుకుంటాడు" అన్న ఆ చుట్టాన్ని కూడా వీలైతే తీసుకెళ్లండి.

సర్టిఫికెట్లు జాగ్రత్త. ఎస్‌జీఎఫ్ జాతీయ పోటీలకి వెళ్తే వచ్చేది ఫారం-4, ఫెడరేషన్ జాతీయ పోటీలకి ఫారం-2. స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి ఇవే ఆధారం, లామినేషన్ చేయించకుండా ఫైల్లో పెట్టండి. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకం కింద అస్మిత లీగ్ అమ్మాయిలకోసమే నడుస్తోంది, అందులో వెయిట్‌లిఫ్టింగ్ ఉంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది కోచ్‌ని అడుగుతూ ఉండండి. ఖేలో ఇండియా అథ్లెట్‌గా ఎంపికైతే నెలకి 10 వేలు చేతి ఖర్చుకి వస్తాయి, తిండికి పెద్ద ఊరట. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం నుంచి రాగాల వెంకట్ రాహుల్ ఇలా మీట్ మీద మీట్ ఆడుతూనే 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలెత్తి బంగారం తెచ్చాడు.

మీరు అడగకపోయినా ఒకటి చెప్తాను. డబ్బాల్లో వచ్చే పొడులు, మాత్రలు ఎవరిచ్చినా పాపకి పెట్టొద్దు, కోచ్ ఇచ్చినా సరే డాక్టర్‌కి చూపించకుండా వద్దు. సంతోషికి గ్లాస్గోలో మొదట వచ్చింది కాంస్యం. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో (నిషేధించిన మందుల వాడకంలో) దొరికాక అది వెండి అయింది. ఆ నైజీరియా పిల్లకి అప్పటికి 16 ఏళ్లు. ఆ వయసులో తనకేం తెలుసు, చుట్టూ ఉన్న పెద్దవాళ్లదే కదా ఆ పని. అలాగే బరువు విభాగం కోసమని మీట్ ముందు తిండి, నీళ్లు మాన్పిస్తామంటే ఒప్పుకోకండి. ఎదిగే పిల్ల, పై విభాగంలో ఎత్తనివ్వండి.

ఊళ్లో జనం గురించి కూడా. కబడ్డీని చూడండి. 2014లో ప్రొ కబడ్డీ టీవీలో రోజూ రావడం మొదలయ్యాక మా మనవడి క్లాసులో తెలుగు టైటాన్స్ ఆటగాళ్ల పేర్లు నోటికొచ్చాయి. 2023 వేలంలో పవన్ షెరావత్‌కి 2 కోట్ల 60 లక్షలు దాటి ఇచ్చారు. ఆట మారలేదు, మన మట్టిలో ఎప్పటినుంచో ఉన్నదే. జనం కంటికి తరచుగా పడింది, అంతే. కాబట్టి ఈసారి జిల్లా మీట్ జరిగినప్పుడు షాపు ఒక పూట మూసి, ఊళ్లో పదిమందిని వెంటబెట్టుకు వెళ్లండి. బార్ పైకి లేచినప్పుడు చప్పట్లు కొట్టే మనుషులు హాల్లో ఉండాలి. మా మీట్లలో చాలాసార్లు పిల్లలు, కోచ్‌లు, జడ్జీలు తప్ప ఇంకెవరూ ఉండేవారు కాదు.

పేపర్‌లో ఇంటిపేరు తప్పు పడిందన్నారు కదా. మీ మండల విలేకరికి సర్టిఫికెట్ కాపీ, పాప బార్ పట్టుకున్న ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపండి. సరిచేసి మళ్లీ వేయమని మర్యాదగా అడగండి. వేస్తారు.

విజయనగరం నాన్న:

ఇప్పుడే పంపాను మాస్టారూ. బార్ గురించి సోమవారం హెడ్‌మాస్టర్ గారిని కలుస్తాను. 25 మిల్లీమీటర్లు అని కాగితం మీద రాసుకుని వెళ్తాను.