నాన్నకి ఆరేళ్ల తామర అనుకున్నది స్కిన్ లింఫోమా అంట, ఎవరికైనా తెలుసా?

ప్రశ్న:
నాన్నకి 61. నడుము కింద, తొడల పైన ఎర్రగా పొలుసులు రాలే మచ్చలు ఆరేళ్ల నుంచి ఉన్నాయండి, ఒకరు తామర అన్నారు ఇంకొకరు ఎగ్జిమా అన్నారు, మెడికల్ షాపు ట్యూబులు ఎన్ని అయిపోయాయో లెక్కే లేదు, రాస్తే తగ్గడం మానేస్తే మళ్లీ రావడం. మొదటి బయాప్సీలో ఏం లేదన్నారు, రెండోదాన్లో మైకోసిస్ ఫంగాయిడిస్ అని వచ్చింది, అదొక రకం స్కిన్ లింఫోమా, అంటే క్యాన్సర్ అంట. పేర్లోనే ఫంగస్ ఉందిగా, మరి క్యాన్సర్ ఏంటి? కీమో పెడతారా?

జవాబు 1:
ఫంగస్‌కీ దీనికీ సంబంధం లేదండి. 1806లో అలిబెర్ అనే ఫ్రెంచ్ డాక్టర్ మొదట వర్ణించాడు, గడ్డలు పుట్టగొడుగుల్లా కనిపించాయని ఆ పేరు. ఇది చర్మంలో చేరే టీ-సెల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) క్యాన్సర్. మొదట్లో ఎగ్జిమాలాగే ఉంటుంది కాబట్టి ఒక్క బయాప్సీతో తేలకపోవడం మామూలే, పైగా స్టెరాయిడ్ రాస్తూ ఉంటే ముక్కలో సరిగ్గా కనపడదు.

జవాబు 2:
మా అత్తయ్యకి ఇదే. మచ్చల స్టేజీలోనే దొరికింది, కీమో లేదు. నారోబ్యాండ్ యూవీబీ లైటు వారానికి మూడుసార్లు, నిలువు బీరువాలాంటి పెట్టెలో కళ్లకి నల్ల గాగుల్స్ పెట్టుకుని నిలబడాలి, మొదటిరోజు నిమిషం కూడా లేదు. దానికోసం ఆటో ఖర్చే ఎక్కువైంది 😄

జవాబు 3:
స్టేజీ ఏంటో అడగండి ముందు. గజ్జల్లో, చంకల్లో బిళ్లలు చూశారా, రక్తంలో సెజారీ సెల్స్ (రక్తంలోకి చేరిన క్యాన్సర్ టీ-సెల్స్) టెస్ట్ అవసరమా అని కూడా.

ప్రశ్న అడిగినవారు:
థ్యాంక్సండి. సోమవారం అపాయింట్‌మెంట్, పాత ట్యూబులన్నీ సంచిలో వేసి తీసుకెళ్తున్నా.